రైడ్లు ఎక్కనివారికీ పూర్తి టికెట్టేనా? వినోద ఉద్యానవనాల ప్రవేశ రుసుము వెనుక ఉన్న లెక్క

పుదుచ్చేరికి పడమట, విళుప్పురం వెళ్లే దారిలో ఉన్న విల్లియనూరు నుంచి వేసవి సెలవుల్లో ఒక కుటుంబం విహారానికి బయలుదేరిందనుకుందాం. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, తాతయ్య, నాయనమ్మ కలిసి మొత్తం ఆరుగురు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా చెన్నై శివార్లలోని ఒక వినోద ఉద్యానవనానికి చేరుకున్నారు. పిల్లలు సాయంత్రం దాకా ఒక రైడు దిగి మరొకటి ఎక్కుతారు. తల్లిదండ్రులు వారికి తోడుగా నాలుగైదు ఎక్కుతారు. తాతయ్యకు గుండె ఆపరేషన్ జరిగింది, నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. వారిద్దరూ చెట్టు నీడన కూర్చుని మనవల కేరింతలు చూడడానికే వచ్చారు. అయినా టికెట్ల కిటికీ వద్ద వారికీ పూర్తి రుసుమే అడిగితే ఆ కుటుంబం ఏం చేయాలి?

కొందరు డబ్బు చెల్లించి లోపలికి వెళతారు. కొందరు పెద్దలను కారులోనో, గేటు బయటి టీ కొట్టు దగ్గరో కూర్చోబెడతారు. ఇంకొందరు మరుసటి ఏడాది పెద్దలను ఇంటి దగ్గరే వదిలి వస్తారు. కనుక రైడ్లు ఎక్కని సందర్శకుల టికెట్టు ధర చిల్లర లెక్కలా కనిపించినా, మూడు తరాలు కలిసి ఒక రోజు గడపగలవా లేదా అన్నది దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ ధరలను ఎలా నిర్ణయిస్తారు, యాజమాన్యాల వాదన ఏమిటి, పన్నులు, చట్టం ఏం చెబుతున్నాయి, టికెట్టు కొనేముందు సందర్శకులు ఏమేమి తెలుసుకోవాలి అన్న అంశాలను ఈ కథనం వివరిస్తుంది.

టికెట్టు దేనికి: లోపలికి రావడానికా, రైడు ఎక్కడానికా?

వినోద స్థలం ఏదైనా సందర్శకుడికి రెండు సేవలను అందిస్తుంది. మొదటిది ప్రవేశం. లోపలి తోటలు, నీడ, తాగునీరు, మరుగుదొడ్లు, ప్రదర్శనలు, భద్రత ఇందులోకి వస్తాయి. రెండవది రైడ్ల వినియోగం. ఈ రెండింటికీ ధర కట్టే తీరును బట్టి ప్రపంచమంతటా మూడు పద్ధతులు స్థిరపడ్డాయి.

మొదటిది జాతర పద్ధతి. ప్రవేశం ఉచితం, ఎక్కిన రైడుకే రుసుము. మన తిరునాళ్లలో రంగులరాట్నం, జెయింట్ వీల్ నడిపేవారు అనుసరించేది ఇదే. చూసేవారి నుంచి ఎవరూ పైసా అడగరు.

రెండవది రెండంచెల పద్ధతి. గేటు వద్ద స్వల్ప ప్రవేశ రుసుము, లోపల ప్రతి రైడుకూ వేరే టికెట్టు.

మూడవది ఏక టికెట్టు పద్ధతి. గేటు వద్ద ఒకేసారి పెద్ద మొత్తం చెల్లిస్తే, ఆ రోజంతా దాదాపు అన్ని రైడ్లనూ ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన పెద్ద ఉద్యానవనాల్లో అధికభాగం ఈ పద్ధతికే మొగ్గు చూపాయి. రైడ్లు ఎక్కనివారి సమస్య తలెత్తేది కూడా ఇక్కడే. మొదటి రెండు పద్ధతులలో చూడవచ్చినవారి ఖర్చు దానంతట అదే తగ్గుతుంది. మూడవ పద్ధతిలో యాజమాన్యం ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప తగ్గదు.

మన చుట్టూ ఉన్న ఉదాహరణలు

రెండంచెల పద్ధతిని చూడడానికి విల్లియనూరు వాసులు దూరం వెళ్లనవసరం లేదు. పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రహదారిపై, నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న చున్నాంబార్ బోట్ హౌస్‌లో ప్రవేశ రుసుము వేరు, పడవ ప్రయాణానికి చెల్లించే రుసుము వేరు. ఇసుక తిన్నెలతో పేరుపొందిన ప్యారడైజ్ బీచ్‌కు పడవలో వెళ్లదలచినవారు పడవ టికెట్టు కొంటారు. నీటి ప్రయాణం పడనివారు ప్రవేశ రుసుముతోనే ఒడ్డున కాలక్షేపం చేయవచ్చు.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు సీమ యానాం నుంచి విశాఖపట్నం వెళ్లేవారికి కైలాసగిరి సుపరిచితం. అక్కడ రోప్‌వేకు, కొండచుట్టూ తిరిగే చిన్న రైలుకు వేర్వేరు టికెట్లు ఉన్నాయి. అవి కొనకపోయినా కొండ మీది నుంచి సముద్రాన్ని చూడవచ్చు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1994లో ఏర్పాటైన లుంబినీ పార్కులోనూ ప్రవేశం, పడవ విహారం వేర్వేరు ధరలతో నడుస్తున్నాయి.

ఈ పద్ధతికి తెలుగు నేలపై అతి పెద్ద ఉదాహరణ నుమాయిష్. 1938లో మొదలై, 1946 నుంచి నాంపల్లి మైదానంలో జరుగుతున్న ఈ అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన ఏటా జనవరి 1న ప్రారంభమై ఫిబ్రవరి నడుమ వరకు సాగుతుంది. గేటు టికెట్టు కొన్నవారు దుకాణాలన్నీ తిరగవచ్చు. జెయింట్ వీల్ ఎక్కదలచినవారు దాని వద్ద మళ్లీ డబ్బు చెల్లించాలి. నాలుగు తరాల హైదరాబాదీలు నుమాయిష్‌కు కుటుంబ సమేతంగా వెళ్లగలగడానికి ఈ ఏర్పాటు కూడా ఒక కారణం. బామ్మను వెంట తీసుకువెళ్లడం వల్ల పెరిగే ఖర్చు ఒక్క గేటు టికెట్టు మాత్రమే.

ఏక టికెట్టు పద్ధతికి ఉదాహరణ వండర్‌లా. 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ పేరుతో మొదలైన ఈ సంస్థ 2005లో బెంగళూరులోను, 2016లో హైదరాబాదు శివారు రావిర్యాలలోను ఉద్యానవనాలు తెరిచింది. ఇటువంటి చోట్ల తగ్గింపులకు సాధారణంగా ఎత్తు, వయసు ప్రాతిపదికలు. 85 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు వండర్‌లాలో టికెట్టు అవసరం లేదు. పెద్దవయసువారికి రాయితీ టికెట్టు ఉంది. వీటికి ‘రైడు ఎక్కుతారా, ఎక్కరా’ అన్న ప్రశ్నతో సంబంధం లేదని గమనించాలి. ఎత్తు, వయసు గేటు దగ్గర కొలవగలిగినవి. సందర్శకుడి ఉద్దేశాన్ని అలా కొలవలేరు. సమస్య మూలం ఇదే.

1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి కొంత వేరు. అక్కడి సందర్శనలో ప్రధానమైనది చిత్ర నిర్మాణ సెట్లను, ప్రదర్శనలను చూడడం. రైడు ఎక్కని సందర్శకుడు కూడా తాను కొన్న దానిలో అధికభాగం పొందినట్టే. చూడదగినది ఎంత ఎక్కువ ఉంటే, రైడ్లు ఎక్కనివారి నుంచి పూర్తి రుసుము వసూలు చేయడం అంత సమంజసంగా తోస్తుంది.

కోపెన్‌హాగెన్ నుంచి ఫుజి పర్వతం దాకా

ఈ చర్చ కొత్తది కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1843 ఆగస్టు 15న తెరిచిన టివోలి ఉద్యానవనం నేటికీ ప్రవేశానికి, రైడ్లకు వేర్వేరు టికెట్లు అమ్ముతోంది. పూలతోటలు, సంగీత కచేరీలు చూడడానికే వచ్చే వృద్ధులు ప్రవేశ టికెట్టుతో సరిపెట్టుకోవచ్చు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 జూలై 17న ప్రారంభమైన డిస్నీల్యాండ్ కూడా తొలినాళ్లలో రెండంచెల పద్ధతినే అనుసరించింది. ప్రవేశానికి ఒక రుసుము, రైడ్లకు టికెట్ల పుస్తకం. ఆకర్షణను బట్టి రైడ్లకు అక్షరాలతో శ్రేణులు ఉండేవి. అత్యంత ఆకర్షణీయమైన వాటికి 1959లో ‘ఇ’ టికెట్టును ప్రవేశపెట్టారు. ఈలోగా 1961లో టెక్సస్‌లో తెరిచిన సిక్స్ ఫ్లాగ్స్ ఏక టికెట్టు బాట పట్టింది. క్రమంగా ఇతరులు అనుసరించారు. 1982లో డిస్నీల్యాండ్ సైతం టికెట్ల పుస్తకాలకు స్వస్తి చెప్పింది.

ఆర్థికశాస్త్రంలో ఈ అంశంపై ప్రసిద్ధమైన వ్యాసాన్ని 1971లో వాల్టర్ ఓయి ప్రచురించారు. డిస్నీల్యాండ్‌నే ఉదాహరణగా తీసుకుని, గేటు వద్ద ఎంత, రైడు వద్ద ఎంత వసూలు చేస్తే యజమానికి ఎక్కువ లాభమన్నది ఆయన విశ్లేషించారు. దాని సారాంశాన్ని ఇలా చెప్పవచ్చు. సందర్శకులందరి అభిరుచి ఒకేలా ఉంటే, రైడ్ల ధరను వాటి నిర్వహణ ఖర్చు స్థాయికి తగ్గించి, లాభమంతా గేటు రుసుములోనే రాబట్టుకోవడం మేలు. అభిరుచులు వేర్వేరుగా ఉన్నప్పుడు మాత్రం గేటు రుసుము పెంచినకొద్దీ తక్కువ రైడ్లు ఎక్కేవారు దూరమవుతారు. అటువంటప్పుడు గేటు రుసుము తగ్గించి, రైడ్ల మీద కొంత వసూలు చేయడమే యజమానికి లాభదాయకం కావచ్చు. అంటే రైడ్లు ఎక్కనివారికి తక్కువ ధర పెట్టడం దానధర్మం కిందికే రానవసరం లేదు. వచ్చే జనం స్వభావాన్ని బట్టి అది వ్యాపార వివేకం కూడా అవుతుంది.

ఈ రెండు దశాబ్దాల్లో రెండు ప్రసిద్ధ ఉద్యానవనాలు పరస్పర విరుద్ధ దిశల్లో నడిచాయి. ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ ప్లెజర్ బీచ్ చిరకాలం ఉచిత ప్రవేశంతో నడిచి, 2009లో గేటు రుసుము విధించింది. జపానులో ఫుజి పర్వత పాదాన ఉన్న ఫుజి-క్యూ హైల్యాండ్ 2018 జూలైలో ప్రవేశ రుసుమును పూర్తిగా తొలగించింది. అప్పటిదాకా పెద్దలకు 1,500 యెన్లుగా ఉన్న ఆ రుసుము పోవడంతో, రైడు ఎక్కినా ఎక్కకపోయినా ఎవరైనా లోపలికి వెళ్లి పర్వత దృశ్యాన్ని చూసే వీలు కలిగింది. ఒకే పద్ధతి అందరికీ సరిపోదని ఈ రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

యాజమాన్యాల వాదన ఏమిటి?

పూర్తి రుసుమును సమర్థించేవారు ప్రధానంగా నాలుగు కారణాలు చెబుతారు.

మొదటిది ఖర్చుల స్వభావం. భూమి, యంత్రాలు, సిబ్బంది జీతాలు, విద్యుత్తు, బీమా, తనిఖీలు వంటివి సందర్శకుల సంఖ్యతో పెద్దగా నిమిత్తం లేనివి. ఒక మనిషి అదనంగా రైడు ఎక్కినందువల్ల యజమానికి పెరిగే ఖర్చు స్వల్పం. కనుక ఎక్కనివాడి వల్ల మిగిలేదీ స్వల్పమేనని వారి వాదన.

రెండవది దుర్వినియోగ భయం. తక్కువ టికెట్టుతో లోపలికి వచ్చి, చేతి పట్టీలు మార్చుకుని రైడ్లు ఎక్కేవారుంటారు. దానిని అరికట్టాలంటే ప్రతి రైడు వద్ద తనిఖీ కావాలి.

మూడవది స్థలం. రైడు ఎక్కని వ్యక్తి కూడా పార్కింగ్, మరుగుదొడ్లు, బల్లలు, భోజనశాల వాడుకుంటాడు. పండుగ రోజుల్లో లోపలికి అనుమతించే సంఖ్యకు పరిమితి ఉన్నప్పుడు, ఆ చోటు మరొక పూర్తి టికెట్టుదారుకు దక్కకుండా పోతుంది.

నాలుగవది సరళత. ఒకే ధర ఉంటే వరుస వేగంగా కదులుతుంది, వాగ్వాదాలు తగ్గుతాయి.

ఈ వాదనల్లో బలం ఉంది, కాని ప్రతిదానికీ ఒక మినహాయింపు కూడా ఉంది. రద్దీ రోజున రైడ్ల దగ్గర అసలైన ఖర్చు విద్యుత్తు కాదు, ఇతరులు వరుసలో నిలబడే సమయం. రైడు ఎక్కని మనిషి ఆ వరుసను పొడిగించడు. తనిఖీ విషయానికి వస్తే, పిల్లల ఎత్తు కొలవడానికి, భద్రతా పట్టీలు సరిచూడడానికి ప్రతి రైడు వద్ద సిబ్బంది ఇప్పటికే ఉంటారు. చేతి పట్టీ రంగును వారే చూడవచ్చు. నీటి ఉద్యానవనాల్లో ఈ గీత గీయడం కొంత కష్టం. అలల కొలనులో మోకాలి లోతున నిలబడినవారు రైడు వాడుకున్నట్టా, కానట్టా? అయితే అక్కడ కొలనులోకి దిగడానికి నైలాను దుస్తులు తప్పనిసరి అనే నిబంధన సాధారణం. చీరలోనో పంచెలోనో ఒడ్డున కూర్చున్నవారిని గుర్తించడం సిబ్బందికి అసాధ్యమేమీ కాదు.

లెక్క వేసి చూస్తే

యాజమాన్యానికి నిజంగా ఎంత నష్టం, ఎంత లాభం అన్నది తెలియడానికి ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. ఇవి ఏ సంస్థ ధరలూ కావు. పెద్దలకు 1,000 రూపాయలు, పిల్లలకు 800 రూపాయలు పూర్తి టికెట్టు అనుకుందాం. మొదట చెప్పుకున్న ఆరుగురి కుటుంబానికి పన్ను కాక 5,600 రూపాయలు అవుతుంది. రైడ్లు ఎక్కనివారికి 300 రూపాయల టికెట్టు ఉంటే అదే కుటుంబానికి 4,200 రూపాయలు. తాతయ్య, నాయనమ్మ ఇంటి దగ్గరే ఉండిపోతే 3,600 రూపాయలు.

ఎలాగూ ఆరు పూర్తి టికెట్లు కొనే కుటుంబం తక్కువ టికెట్టుకు మారితే యాజమాన్యానికి 1,400 రూపాయలు తగ్గుతుంది. పెద్దలను ఇంట్లో వదిలి వచ్చే కుటుంబం వారిని వెంట తెస్తే 600 రూపాయలు పెరుగుతుంది. ధరకు జంకి అసలు రావడమే మానుకున్న కుటుంబం కొత్తగా వస్తే 4,200 రూపాయలు పెరుగుతుంది. అంటే ముగ్గురు పాత ఖాతాదారుల కుటుంబాలు తక్కువ టికెట్టుకు మారిన నష్టాన్ని, కొత్తగా వచ్చిన ఒక్క కుటుంబం పూడుస్తుంది. లేదా పెద్దలను వెంట తెచ్చిన ఏడు కుటుంబాలు పూడుస్తాయి. భోజనం, చల్లని పానీయాలు, బొమ్మల అమ్మకాలు ఈ లెక్కలో లేవు. రోజంతా కూర్చుని ఉండేవారే వాటిని ఎక్కువగా కొంటారన్నది వ్యాపారులకు తెలియనిది కాదు.

కనుక తక్కువ టికెట్టు లాభమా నష్టమా అన్నది ఆ ఉద్యానవనానికి ఎవరు వస్తున్నారు, ఎవరు రాకుండా ఆగిపోతున్నారు అన్న దానిపై ఆధారపడుతుంది. కళాశాల విద్యార్థులతో నిండే చోట దాని అవసరం తక్కువ. కుటుంబాలే ప్రధానమైన చోట, ముఖ్యంగా ఇంటిల్లిపాదీ కలిసి ప్రయాణించే అలవాటున్న మన ప్రాంతంలో, దాని అవసరం ఎక్కువ.

ఎక్కనివారందరూ ఒకటి కాదు

ఈ చర్చలో తరచు మరుగున పడే విషయం ఒకటుంది. రైడ్లు ఎక్కనివారిలో మూడు రకాలవారున్నారు.

ఎక్కగలిగీ ఇష్టం లేనివారు మొదటి రకం. ఎత్తైన చోట్ల భయం, కళ్లు తిరగడం, లేదా ఆసక్తి లేకపోవడం వారి కారణాలు. భోజనశాలలో పూర్తి భోజనం టికెట్టు కొని పెరుగు వద్దన్నవారితో వీరిని పోల్చవచ్చు. పూర్తి ధర అడిగితే అన్యాయమనడం కష్టం.

తోడుగా వచ్చినవారు రెండవ రకం. చిన్నపిల్లల సంచులు మోసే తల్లి, పాఠశాల విహారయాత్రలో పిల్లలను లెక్కపెట్టుకుంటూ తిరిగే ఉపాధ్యాయుడు, చూపు లేని సోదరుని చేయి పట్టుకు నడిపించే అక్క ఈ కోవలోకి వస్తారు. వీరు లేకుండా టికెట్టు కొన్న మిగతావారు రానేలేరు.

ఎక్కకూడదని ఉద్యానవనమే చెప్పినవారు మూడవ రకం. వేగంగా తిరిగే రైడ్ల వద్ద గుండె జబ్బు, అధిక రక్తపోటు, వెన్నెముక సమస్యలు ఉన్నవారు, గర్భిణులు ఎక్కరాదన్న హెచ్చరిక పలకలు ఉంటాయి. భద్రత దృష్ట్యా ఆ నిబంధన సరైనది, తప్పక పాటించవలసినది. కాని గేటు వద్ద పూర్తి రుసుము తీసుకుని, లోపల ప్రతి మలుపులోనూ ‘మీరు ఎక్కరాదు’ అనడం ఇబ్బందికరమైన వైరుధ్యం. ఇందులో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. డబ్బు పోసి కొన్నామన్న భావన, ఎక్కకూడనివారిని సైతం ‘ఒక్కసారి ఎక్కి చూద్దాం’ అనిపించవచ్చు. తక్కువ ధర టికెట్టు ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. ఆ విధంగా అది భద్రతకు కూడా తోడ్పడుతుంది.

అందరికీ తగ్గింపు ఇవ్వలేమనే యాజమాన్యాలు సైతం, కనీసం ఈ మూడవ రకం వారికి, తప్పనిసరి తోడుగా వచ్చేవారికి వేరే ధర ఉంచడం న్యాయానికి దగ్గరగా ఉంటుంది.

పన్ను సంగతి

టికెట్టు మీద చెల్లించే మొత్తంలో కొంత భాగం పన్ను. వినోద ఉద్యానవనాల ప్రవేశం 2015 జూన్ 1 నుంచి సేవాపన్ను పరిధిలోకి వచ్చింది. 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు దీనిపై 28 శాతం విధించారు. 2018 జనవరి 25 నుంచి థీమ్ పార్కులు, నీటి ఉద్యానవనాలు, రంగులరాట్నాలు వంటివాటి ప్రవేశంపై దానిని 18 శాతానికి తగ్గించారు.

ఆ 18 శాతం లెక్కన, పై ఉదాహరణలోని 1,000 రూపాయల టికెట్టుపై 180 రూపాయలు, 300 రూపాయల టికెట్టుపై 54 రూపాయలు పన్ను పడుతుంది. సర్కసు, నాటకం, సంగీత కచేరీ వంటివాటికి 500 రూపాయల దాకా టికెట్టుపై ఉన్న మినహాయింపు వినోద ఉద్యానవనాలకు వర్తించదు. కనుక ‘చూడవచ్చినవారి’ టికెట్టు ఎంత చిన్నదైనా, నిర్వాహకుడు పన్ను నమోదు పరిధిలో ఉంటే పన్ను తప్పదు.

మ్యూజియం, జంతు ప్రదర్శనశాల, జాతీయ ఉద్యానవనం, వన్యప్రాణి అభయారణ్యం ప్రవేశానికి మాత్రం ఈ పన్ను లేదు. విల్లియనూరుకు సమీపంలో, 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటితమైన ఊసుడు చెరువు వంటి చోట్లకు వెళ్లేవారు ఈ తేడాను గమనించవచ్చు. చూడడమే ప్రధానమైన చోట పన్ను విధానం సందర్శకుడి పట్ల ఉదారంగా ఉంది.

చట్టం ఏం చెబుతుంది?

ప్రైవేటు వినోద ఉద్యానవనం తన టికెట్టు ధరను తానే నిర్ణయించుకోవచ్చు. రైడ్లు ఎక్కనివారికి తగ్గింపు ఇచ్చి తీరాలని చెప్పే సాధారణ నిబంధన లేదు. సొంత ప్రాంగణంలో వ్యాపార షరతులు విధించుకునే హక్కును సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. సినిమా హాళ్లలోకి బయటి తినుబండారాలను అనుమతించకపోవచ్చని 2023 జనవరి 3న తీర్పు చెబుతూ, ప్రేక్షకులకు ఉచితంగా తాగునీరు అందుబాటులో ఉంచాలని పేర్కొంది. యజమాని స్వేచ్ఛకు, సందర్శకుడి కనీస అవసరాలకు మధ్య ఉన్న హద్దును అర్థం చేసుకోవడానికి ఆ తీర్పు ఉపకరిస్తుంది.

అదే సమయంలో, 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవ నాణ్యత, పరిమాణం, ధర గురించి ముందుగా తెలుసుకునే హక్కు వినియోగదారుడికి ఉంది. తగ్గింపు టికెట్టు ఉందని ప్రకటించి గేటు వద్ద నిరాకరించడం, అన్ని రైడ్లూ కలిసి ఉన్నాయని చెప్పి లోపల మళ్లీ వసూలు చేయడం వంటివి ఫిర్యాదుకు ఆస్కారమిస్తాయి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదు రుసుము ఉండదు. ఈ చట్టం కింద ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే కేసు వేయవచ్చు. చెన్నైలో కొన్న టికెట్టు గురించి విల్లియనూరు వాసి పుదుచ్చేరిలోనే ఫిర్యాదు చేయవచ్చు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 వినోద కార్యక్రమాలలో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కును గుర్తించి, అందుకు తగిన చర్యలు తీసుకునే బాధ్యతను ప్రభుత్వాలపైన, స్థానిక సంస్థలపైన ఉంచింది. ప్రభుత్వ సంస్థలు నడిపే పార్కుల్లో తోడు మనిషికి రాయితీ కోరేవారికి ఇది ఒక ఆధారం.

టికెట్టు కొనేముందు

• రైడ్లు ఎక్కనివారికి వేరే టికెట్టు ఉందేమో ఫోన్ చేసి అడగండి. అన్ని రకాల టికెట్లూ వెబ్‌సైటులో కనిపించకపోవచ్చు.

• వృద్ధులు, వికలాంగులు, తోడు వచ్చేవారి రాయితీలకు ఏ గుర్తింపు పత్రం చూపాలో, అవి గేటు వద్దనే ఇస్తారో, ఆన్‌లైన్‌లోనూ వర్తిస్తాయో తెలుసుకోండి.

• చూపించిన ధరలో పన్ను కలిసి ఉందో, అదనమో చూడండి. ఆరుగురి కుటుంబానికి ఆ తేడా మరో టికెట్టు ఖరీదుకు చేరవచ్చు.

• సెలవు దినాల కంటె పని దినాల్లో ధర తక్కువగా ఉండే చోట్లు ఉన్నాయి. పెద్దలతో వెళ్లేవారికి ఆ రోజుల్లో రద్దీ లేకపోవడం కూడా మేలే.

• లోపల నీడ, కూర్చునే చోటు, తాగునీరు, చక్రాల కుర్చీ ఉన్నాయో లేవో అడగండి. రోజంతా చూస్తూ కూర్చునేవారికి రైడ్ల సంఖ్య కన్నా ఇవే ముఖ్యం.

• ఒకసారి బయటికి వస్తే మళ్లీ రానిస్తారా అన్నది తెలుసుకోండి. అలసిన పెద్దలను గదికి చేర్చి తిరిగి రావలసి రావచ్చు.

• బిల్లును, చేతి పట్టీ నంబరును, ప్రకటన చిత్రాన్ని భద్రపరచుకోండి. ఫిర్యాదు చేయవలసి వస్తే అవే ఆధారాలు.

చూడడానికి వచ్చినవారి విలువ

విల్లియనూరులో శ్రీ కోకిలాంబికా సమేత తిరుకామీశ్వరస్వామి రథోత్సవం ఏటా జరుగుతుంది. ఫ్రెంచి పాలన నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ ప్రకారం ప్రభుత్వాధినేతలు సైతం తేరు తాడు పట్టి లాగుతారు. తాడు పట్టేవారు కొందరే. మిగిలినవారు వీధి అరుగుల మీద నిలబడి చూస్తారు. చూసేవారు లేకపోతే అది ఉత్సవం కాదు.

వినోద ఉద్యానవనం దేవాలయం కాదు, దానికి పెట్టుబడి ఉంది, అప్పు ఉంది, లాభం రావాలి. అయినా జెయింట్ వీల్ మీది నుంచి చేయి ఊపే పిల్లవాడికి కింద చూస్తూ తిరిగి చేయి ఊపే మనిషి కావాలి. ఆ మనిషి పూర్తి టికెట్టు కొన్నవాడైనా, సగం టికెట్టు కొన్నవాడైనా ఆ పిల్లవాడికి ఒకటే. గేటు బయట ఆగిపోతే మాత్రం ఒకటి కాదు. ధరల పట్టికలో ఒక్క వరుస చేర్చి ఆ మనిషిని లోపలికి రప్పించగలిగితే, కుటుంబానికీ ఉద్యానవనానికీ కూడా అది లాభమే.